గల్ఫ్ పని: భయాలు డబ్బు కట్టకముందే తేల్చుకోండి

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెలైనా, రాయచోటి, రాజంపేట, కోనసీమ వైపైనా గల్ఫ్‌కు బయల్దేరేవాళ్లు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. వీసా అసలుదేనా? చెప్పిన జీతం ఇస్తారా? పాస్‌పోర్టు తీసేసుకుంటే ఎలా? అక్కడ ఏమైనా అయితే ఇంటివాళ్లకు దిక్కెవరు? చిక్కేమిటంటే ఈ ప్రశ్నలు డబ్బు కట్టేశాక, టికెట్ చేతికొచ్చాక మొదలవుతాయి. అప్పటికి చేయగలిగింది తక్కువ. అక్కడ ఇరుక్కున్నవాళ్లు ఎండ గురించీ ఖఫీల్ (వీసా ఇచ్చిన అక్కడి యజమాని) గురించీ చెబుతారు గానీ, తీగ లాగితే డొంక మన మండల కేంద్రంలోనే కదులుతుంది. ఎవరికి కట్టారు, ఎంత కట్టారు, ఏ కాగితం చూసి కట్టారు అన్న దగ్గర.

ముందు అప్పు లెక్క

దుబాయ్‌లో నెలకు 1,200 దిర్హాముల జీతం, గది కంపెనీదే అనుకుందాం. దిర్హాముకు 23 రూపాయలు వేసుకుంటే 27,600. మెస్సు, ఫోను, సబ్బు, చిల్లర ఖర్చులకు 400 దిర్హాములు పోతే 800 మిగులుతాయి. అంటే 18,400 రూపాయలు. ఇంటికి నెలకు 10,000 పంపితే అప్పుకు మిగిలేది 8,400.

లక్షన్నర అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే మొదటి నెల వడ్డీయే 3,000. నెలనెలా 8,400 తప్పకుండా కడితే అప్పు తీరడానికి దాదాపు 23 నెలలు. కాంట్రాక్టు రెండేళ్లే. అదే అప్పు మూడు రూపాయల వడ్డీదైతే 26 నెలలు, అంటే కాంట్రాక్టు ముగిశాక కూడా బాకీ ఉంటుంది. మధ్యలో ఒక్క జ్వరం, ఒక్క నెల జీతం ఆలస్యం, చెల్లెలి పెళ్లి, ఏదీ ఈ లెక్కలో లేవు. మొత్తం ఖర్చు 50,000 దగ్గర ఆగితే మాత్రం రెండు రూపాయల వడ్డీకి ఏడు నెలల్లో బయటపడతారు. జీతం అదే, పని అదే. మనిషి గల్ఫ్‌లో నిలదొక్కుకుంటాడా లేదా అన్నది చాలావరకు ఈ రెండు అంకెల మధ్య తేడానే తేలుస్తుంది.

లైసెన్సున్న ఏజెంటు కార్మికుడి దగ్గర తీసుకోగల సర్వీస్ ఛార్జీ 30,000 రూపాయలకు మించకూడదు. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. దానికి రసీదు ఇచ్చి తీరాలి. ‘వీసా ఖర్చు’, ‘అక్కడి కంపెనీ మేనేజరుకు’, ‘ఎయిర్‌పోర్టులో’ అంటూ లక్ష దాటించేవన్నీ రసీదు లేని డబ్బులే. యూఏఈ చట్టం ప్రకారమైతే పనివాడిని తెచ్చుకునే ఖర్చు యజమానే భరించాలి, కార్మికుడి మీద వేయకూడదు.

ఏజెంటు దగ్గర అడగాల్సినవి

విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో లైసెన్సున్న రిక్రూటింగ్ ఏజెంట్ల జాబితా ఉంది. రాష్ట్రం ఎంచుకుని పేరు వెతకండి. పేరు కనబడగానే ఆగిపోవద్దు. లైసెన్సు ఇప్పుడు చెల్లుబాటులో ఉందా, సస్పెండ్ అయిందా, గడువు ఏ తేదీ వరకు, ఆఫీసు చిరునామా మీరు వెళ్లిన చోటుదేనా, ఇవన్నీ చూడాలి. వేరేవాళ్ల లైసెన్సు నంబరును బోర్డు మీద రాసుకుని కూర్చునేవాళ్లు ఉంటారు.

ఊళ్లో తిరిగి మనుషుల్ని కూడగట్టే సబ్ ఏజెంటుకు చట్టంలో చోటే లేదు. అతను మంచివాడు కావచ్చు, మీ మేనమామ బావమరిది కూడా కావచ్చు. కానీ రేపు తేడా వస్తే లైసెన్సున్న ఆఫీసు ‘అతనెవరో మాకు తెలియదు’ అనేస్తుంది. అందుకే డబ్బు కంపెనీ పేరున్న బ్యాంకు ఖాతాలోకే పోవాలి. సబ్ ఏజెంటు సొంత ఫోన్‌పే నంబరుకు పంపి, స్క్రీన్‌షాట్ దాచుకుంటే సరిపోతుందనుకోవద్దు. పోలీసు కేసుకు అది పనికొస్తుందేమో గానీ లైసెన్సున్నవాడిని పట్టుకోవడానికి పనికిరాదు.

రెండు కాగితాలు చూపించమనండి. ఒకటి విదేశీ యజమాని ఇచ్చిన డిమాండ్ లెటర్: ఎంతమంది, ఏ పనికి, ఎంత జీతానికి అన్నది అందులో ఉంటుంది. రెండోది ఆ యజమాని ఈ ఏజెన్సీకి ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ. రెండింటిలోనూ ఉన్న కంపెనీ పేరే మీ వీసా మీదా, ఉద్యోగ ఒప్పందం మీదా ఉండాలి. పేరులో ఒక్క ముక్క తేడా ఉన్నా ఎందుకో అడగండి. ‘అవన్నీ నేను చూసుకుంటా తమ్మీ’ అన్నాడంటే ఆ కాగితాలు అతని దగ్గర లేవనే అనుకోండి.

ఎమిగ్రేషన్ క్లియరెన్సు ఎందుకు కావాలి

పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే వెళ్లేముందు అనుమతి కావాలి) కింద ఉంటుంది. అలాంటివాళ్లు పనికోసం గల్ఫ్ దేశాలు ఆరింటితో పాటు మలేషియా, ఇరాక్ వంటివి కలిపి మొత్తం 18 దేశాలకు వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర అధికారి అనుమతి (ఎమిగ్రేషన్ క్లియరెన్సు) తప్పనిసరి. అది 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం పెట్టిన షరతు. ఈ అనుమతి ఈ-మైగ్రేట్ ద్వారా వస్తుంది. దానికి యజమాని వివరాలు, ఒప్పందం, బీమా అన్నీ కంప్యూటర్‌లో ఎక్కాలి. ఎక్కాయంటే రేపు జీతం ఆగినప్పుడు ఎంబసీ ఎవరికి ఫోన్ చేయాలో తెలుస్తుంది, ఎవరి లైసెన్సు మీద చర్య తీసుకోవాలో కూడా తెలుస్తుంది.

ఏజెంటుకు తలనొప్పి సరిగ్గా ఇదే. అందుకే ‘ఎమిగ్రేషన్ అంటే నెల పడుతుంది, విజిట్ మీద పంపి అక్కడ మారుస్తాం’ అంటాడు. కొందరికి నిజంగానే మారుస్తారు. మారనివాళ్ల పరిస్థితి మాత్రం చూడండి. విజిట్ వీసా మీద పనిచేయడమే నేరం. జీతం బ్యాంకు ద్వారా రాదు, కంపెనీ ఆరోగ్య బీమా ఉండదు, ఒప్పందం ఉండదు. గడువు దాటితే యూఏఈలో రోజుకు 50 దిర్హాముల జరిమానా. రెండు నెలలు దాటిందంటే 3,000, అంటే పైన వేసిన లెక్కలో రెండున్నర నెలల జీతం. ఒక నెల ఆగడం కంటే ఇదే ఖరీదు.

పదో తరగతి పాసైనవాళ్లకు ఈ క్లియరెన్సు అక్కర్లేదు. అది సౌకర్యంలా కనిపిస్తుంది గానీ, వాళ్ల కాగితాలు ఏ ఆఫీసూ చూడదని కూడా అర్థం. చూసుకునే పనంతా వాళ్లదే. ఈ-మైగ్రేట్‌లో తమ వివరాలు స్వచ్ఛందంగా నమోదు చేసుకునే వీలు వాళ్లకూ ఉంది.

వీసా మీద రాసి ఉన్న పని

ఏజెంటు చెప్పే పని వేరు, వీసా మీద అరబీలో రాసి ఉండే పని వేరు కావచ్చు. సౌదీ వీసాలో ‘ఆమిల్’ అంటే కూలీ పని. ‘సాయిక్ ఖాస్’ అంటే ఇంటి డ్రైవరు. ‘రాయీ’ అంటే గొర్రెలు, ఒంటెల కాపరి. ఫోను కెమెరాతో అనువాదం చేసే యాప్‌లో వీసా కాగితం పెట్టి చూస్తే నిమిషంలో తెలిసిపోతుంది. తెలిసిన ముస్లిం పెద్దమనిషి చేత చదివించుకున్నా మంచిదే.

ఈ ఒక్క మాట మీద ఎంత ఆధారపడి ఉంటుందంటే, సౌదీ 2021 మార్చిలో తెచ్చిన సంస్కరణలతో ప్రైవేటు కంపెనీ కార్మికులు కొన్ని షరతుల మీద ఖఫీల్ అనుమతి లేకుండానే ఉద్యోగం మారవచ్చు, ఎగ్జిట్ రీ-ఎంట్రీకి (ఇంటికొచ్చి తిరిగి వెళ్లే అనుమతికి) సొంతంగా దరఖాస్తు చేసుకోవచ్చు. ఇంటి పనివాళ్లు, ఇంటి డ్రైవర్లు, తోటమాలులు, కాపరులు ఈ సంస్కరణల కిందకు రారు. కంపెనీ డ్రైవరు ఉద్యోగమని నమ్మి ‘సాయిక్ ఖాస్’ వీసా మీద దిగినవాడికి ఆ తలుపు మొదటిరోజే మూసుకుపోయింది.

కువైట్‌లోనూ ఇదే తంతు. 18వ నంబరు అకామా (నివాస అనుమతి) ప్రైవేటు కంపెనీలది, 20వ నంబరు ఇంటి పనిది. 20 మీద తీసుకెళ్లి బయట షాపులోనో హోటల్లోనో పనికి పెడితే, తనిఖీలో దొరికిన రోజు తప్పు మీదే అవుతుంది.

ఇక ఆజాద్ వీసా. పేరులోనే స్వేచ్ఛ, లోపల ఏమీ లేదు. అలాంటి వీసా ఏ దేశ చట్టంలోనూ లేదు. ఒక ఖఫీల్ పేరు మీద వీసా తీయించి, బయట దొరికిన పని చేసుకుంటూ, అకామా రెన్యువల్‌కు ఏటా అతనికి డబ్బు కట్టడమే ఆజాద్. పని బాగా దొరికిన రోజుల్లో కంపెనీ జీతం కంటే ఎక్కువే మిగలొచ్చు, అందుకే జనం వెళ్తారు. కానీ పని చేయించుకున్నవాడు డబ్బు ఎగ్గొడితే లేబర్ ఆఫీసుకు పోలేరు, ఎందుకంటే అతను మీ యజమాని కాదు. ఖఫీల్‌కు కోపం వస్తే ‘పనిలోంచి పారిపోయాడు’ అని హురూబ్ పెడతాడు. అక్కడితో కల్లివల్లి (సరైన కాగితాల్లేని మనిషి) అయిపోయి, ఆమ్నెస్టీ (ప్రభుత్వ క్షమాభిక్ష) ఎప్పుడు ప్రకటిస్తారా అని ఎదురుచూడాల్సిందే. అప్పు చేసి వెళ్లే మనిషి ఆజాద్ జోలికి పోకూడదన్నది నా గట్టి అభిప్రాయం. చేతిలో పనితనం, అక్కడ అయినవాళ్లు, మన దగ్గర బాకీ లేకపోవడం, మూడూ ఉన్నవాళ్లు వెళ్తామన్నా నేను వద్దనే అంటాను.

ఒప్పందంలో బేసిక్ ఎంత

‘1,200 జీతం’ అంటారు. అందులో బేసిక్ ఎంత, అలవెన్సు ఎంత, ఓవర్‌టైమ్ కలిపి చెప్పారా అని అడిగేవాళ్లు తక్కువ. యూఏఈలో గ్రాట్యుటీని (పని మానేటప్పుడు ఇచ్చే మొత్తాన్ని) బేసిక్ మీదే కడతారు. కనీసం ఏడాది పనిచేస్తే, మొదటి ఐదేళ్ల వరకు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున ఇస్తారు. బేసిక్ 1,200 అయితే రోజుకు 40, ఏడాదికి 840 దిర్హాములు. బేసిక్ 800, అలవెన్సు 400 అని రాస్తే ఏడాదికి 560 మాత్రమే. మూడేళ్లకు 840 దిర్హాముల తేడా. ఓవర్‌టైమ్ కూడా బేసిక్ మీదే లెక్క: మామూలు గంటలకు 25 శాతం, రాత్రి 10 నుంచి తెల్లవారుజాము 4 మధ్య అయితే 50 శాతం అదనం. కాబట్టి బేసిక్ తగ్గితే మూడు చోట్ల కోత పడుతుంది: ఓవర్‌టైమ్, గ్రాట్యుటీ, సెలవు డబ్బు.

రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు దాటిన పని ఓవర్‌టైమ్. ‘12 గంటల డ్యూటీకి 1,500’ అన్న మాటను పట్టుకుని మురిసిపోకండి. 8 గంటలకు ఎంతో తేల్చాక మిగతాది అడగండి.

ఖతర్‌కు వెళ్లేవాళ్లకు హైదరాబాద్‌లోనే ఖతర్ వీసా సెంటరు ఉంది. వేలిముద్రలు, మెడికల్, ఒప్పందం మీద సంతకం అక్కడే జరుగుతాయి. 2021 మార్చి నుంచి ఆ దేశంలో కనీస వేతనం నెలకు 1,000 రియాళ్లు. యజమాని వసతి ఇవ్వకపోతే 500, భోజనం పెట్టకపోతే 300 అదనం. సంతకం పెట్టే కాగితంలో ఈ అంకెలకు తగ్గి ఉంటే అక్కడే ఆగండి.

ఏ దేశమైనా, ఇక్కడ సంతకం చేసిన ఒప్పందం ఒకటి, అక్కడ దిగాక ‘ఇది కూడా పెట్టు’ అని చేతికిచ్చేది ఇంకొకటి ఉంటుంది. మొదటిదాని ఫోటో మీ ఫోన్లోనూ, ఇంట్లోవాళ్ల ఫోన్లోనూ ఉంటే రెండోదాని మీద వాదించడానికి ఆధారం ఉంటుంది.

మెడికల్, పేరు, పెట్టె

ఖతర్ కాక మిగతా గల్ఫ్ దేశాల మెడికల్‌ను గుర్తింపున్న సెంటర్లలోనే, వాఫిద్ పోర్టల్ ద్వారా స్లాటు తీసుకుని చేయించాలి. పాత జనం ఇంకా దాన్ని గమ్కా అనే అంటారు. రక్త పరీక్షల్లో హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి చూస్తారు. ఛాతీ ఎక్స్‌రేలో ఎప్పుడో తగ్గిపోయిన టీబీ మచ్చ కనిపించినా అన్‌ఫిట్ అయ్యే అవకాశం ఉంది. ఎప్పుడైనా టీబీ మందులు వాడినవాళ్లు ఏజెంటుకు పైసా ఇవ్వకముందే సొంత ఖర్చుతో ఒక ఎక్స్‌రే తీయించుకోవడం మేలు. అక్కడ దిగాక మళ్లీ మెడికల్ ఉంటుంది, అందులో తప్పితే వెనక్కి పంపుతారు. ఒప్పందం చేతికి రాకముందే మెడికల్ చేయించే ఏజెంట్లు ఉంటారు. దాని గడువు కొద్ది నెలలే, దాటితే మళ్లీ ఫీజు కట్టాల్సింది మీరే.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే చిక్కే. మనవాళ్లలో ఇంటిపేరును ఒక్క అక్షరంగా రాసుకునే అలవాటు ఎక్కువ. యూఏఈ 2022 నవంబరు నుంచి ఒంటి పేరు పాస్‌పోర్టులతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను ఆపుతోంది. పాస్‌పోర్టు తీసేటప్పుడే ఇంటిపేరు పూర్తిగా రాయించండి.

పెట్టె విషయంలో ఒక్కటి బాగా గుర్తుపెట్టుకోవాలి: గసగసాలు. మన ఇంట్లో కోడికూర మసాలాలో వేసేవే, అక్కడ మాదకద్రవ్యాల జాబితాలో ఉన్నాయి. యూఏఈ, సౌదీ, ఖతర్‌లలో విడిగా తీసుకెళ్లినా, కారం పొట్లంలో కలిపి తీసుకెళ్లినా కేసే. అమ్మ కట్టించిన మసాలా పొడిలో అవి ఉన్నాయో లేదో అడిగి మరీ సర్దుకోండి. కోడీన్ ఉన్న దగ్గు మందులు, ట్రమడాల్ మాత్రలు కూడా అలాంటివే. డాక్టరు చీటీ ఉంటే చాలదు, యూఏఈలోకైతే ముందుగా అనుమతి తీసుకోవాలి. ‘మా తమ్ముడికి ఈ పచ్చడి డబ్బా ఇచ్చేయ్’ అని ఎవరైనా ఇస్తే మొహమాటం లేకుండా తెరిచి చూడండి, లేకపోతే వద్దనండి.

దిగాక

పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోవడం యూఏఈతో పాటు చాలా గల్ఫ్ దేశాల్లో చట్టవిరుద్ధం. అయినా జరుగుతూనే ఉంటుంది. మొదటిరోజే గొడవ పడితే వచ్చేది లేదు. దాని మొదటి, చివరి పేజీలు, వీసా పేజీ ఫోటోలు తీసి ఇంటికి పంపేశాకే ఇవ్వండి. అకామా కార్డు మాత్రం జేబులోంచి పోనివ్వకండి. సౌదీలో దిగిన 90 రోజుల్లోపు అకామా చేయించాల్సింది యజమానే. సౌదీ ప్రభుత్వ పోర్టళ్లయిన అబ్షర్‌లో, కివాలో సొంతంగా ఖాతా తెరుచుకుంటే అకామా గడువు, ఒప్పందం, హురూబ్ పడిందా లేదా, అన్నీ మీరే చూసుకోవచ్చు. ఆ పాస్‌వర్డు రూమ్మేటుకు గానీ, కంపెనీ మనిషికి గానీ చెప్పవద్దు. మీ ఐడీ మీద వేరేవాళ్లకు సిమ్ తీసివ్వడమూ అంతే. ఆ సిమ్‌తో మోసం జరిగితే పోలీసులు వచ్చేది మీ గదికే.

ఎండాకాలంలో మధ్యాహ్నం బయటి పని ఆపాలని చట్టమే ఉంది. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు 12:30 నుంచి 3 దాకా, సౌదీలో అవే తేదీల్లో 12 నుంచి 3 దాకా, కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు ఆఖరు వరకు 11 నుంచి 4 దాకా.

జీతం ఆగితే చాలామంది చేసే పని కోపంతో గదిలోంచి వెళ్లిపోవడం. అలా వెళ్లగానే యజమాని ‘పారిపోయాడు’ అని ఫిర్యాదు చేస్తాడు, మీరు ఫిర్యాదుదారు స్థానంలోంచి నేరస్థుడి స్థానంలోకి పోతారు. వరస ఇలా ఉండాలి: ముందు అక్కడి కార్మిక శాఖలో ఫిర్యాదు నమోదు, తర్వాత మన ఎంబసీ లేదా కాన్సులేటుకు అర్జీ, దానితో పాటు మన విదేశాంగ శాఖ ఫిర్యాదుల మదద్ పోర్టల్‌లో నమోదు. పని మానడం, మారడం గురించి ఆలోచన ఆ తర్వాతే. హాజరు పట్టీ ఫోటోలు, బ్యాంకులో జీతం పడిన ఎస్ఎంఎస్‌లు, సూపర్‌వైజరు వాట్సాప్ మెసేజీలు దాచుకోండి. ఇక్కడి నుంచి ఇంటివాళ్లు సలహా అడగాలంటే కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 11 3090.

ఇంటి పనికి వెళ్లే ఆడవాళ్ల విషయంలో నిబంధన కఠినంగానే ఉంది. ఈసీఆర్ పాస్‌పోర్టుతో వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి, అదీ ప్రభుత్వ సంస్థల ద్వారానే. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ ఉన్నాయి. ఖద్దామా (ఇంటి పనిమనిషి) వీసాకు ‘విజిట్ మీద పంపుతాం’ అన్నాడంటే ఈ నిబంధనను దాటవేయడానికే.

ఇంట్లో ఉంచాల్సిన ఫైలు

ఈసీఆర్ వాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. గుండెపోటు మరణానికి ఆ 10 లక్షలు రావు, ఇది ముందే తెలుసుకోవాలి. ఆ పాలసీ కాగితం ఏజెంటు దగ్గరే ఉండిపోతే ఇంటివాళ్లకు అది ఉన్నట్టే తెలియదు. రెండేళ్ల తర్వాత రెన్యువల్ మరిచిపోయేవాళ్లే ఎక్కువ. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. దరఖాస్తు కలెక్టరు ఆఫీసులో. శవాన్ని తెప్పించడానికి యజమాని ముందుకు రాకపోతే ఎంబసీ దగ్గర సంక్షేమ నిధి ఉంటుంది.

పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, బీమా పాలసీ, డబ్బు కట్టిన రసీదు, కంపెనీ ఫోను నంబరు, క్యాంపు లొకేషన్, రూమ్మేటు నంబరు అన్నీ ఒక ఫైల్లో పెట్టి భార్య చేతికో, నాన్న చేతికో ఇచ్చి, ఏది ఏమిటో చెప్పి బయల్దేరండి.

చివరగా, ఇంటికి తిరిగొచ్చే రోజున కంపెనీవాళ్లు అరబీ కాగితం ఒకటి ముందు పెడతారు. ‘నాకు రావాల్సిందంతా ముట్టింది’ అని అందులో ఉంటుంది. గ్రాట్యుటీ, మిగిలిన సెలవు డబ్బు, ఆఖరి నెల జీతం బ్యాంకులో పడకముందు దాని మీద సంతకం పెట్టారంటే, ఆ తర్వాత ఎంబసీ కూడా పెద్దగా ఏమీ చేయలేదు. టికెట్ తేదీ దగ్గరపడిందని తొందరపెడతారు. ఆ కాగితాన్ని ఫోనులో అనువాదం చేసి చదవండి, డబ్బు ఖాతాలో పడ్డాకే సంతకం పెట్టండి.